చెకప్పు రోజు కూలి ఎవరిస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెప్పింది. అంతకు ముందు విడతలో, అంటే 2015–16లో, ఇది 91.5. ఈ పెరుగుదల గురించి అందరూ చెబుతారు. అదే పట్టికలో ఇంకో వరస ఉంది, దాని జోలికి ఎవరూ పోరు. కడుపుతో ఉన్నప్పుడు కనీసం నాలుగుసార్లు చెకప్పుకి వెళ్లిన తల్లులు నాలుగో విడతలో 76.3 శాతం, ఐదో విడతకి వచ్చేసరికి 67.5. కాన్పు రోజున ఆసుపత్రి మెట్లెక్కేవాళ్లు పెరిగారు, అంతకు ముందు నెలల్లో ఎక్కేవాళ్లు తగ్గారు. కరోనా మీదకి నెట్టేద్దామంటే కుదరదు. మన రాష్ట్రంలో సర్వేవాళ్లు ఇల్లిల్లూ తిరిగింది 2019లో.

నేను డాక్టర్ని కాను. గుంటూరులో మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. జనవరి చివర్లో కొత్త కాయ రావడం మొదలైతే ఎండలు ముదిరేదాకా మాకు తల ఎత్తే తీరికుండదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించే ముఠా కూలీలు మగవాళ్లు. కాయ ఏరేది, తొడిమలు తీసేది ఆడవాళ్లు. వాళ్లకి నెల జీతం లేదు, కిలోల లెక్కన కూలి. ఎవరు ఏ రోజు రాలేదో, ఎవరు మధ్యాహ్నం లేచి వెళ్లిపోయారో నా పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం చూసీ చూసీ నాకొక అభిప్రాయం ఏర్పడింది. గర్భిణులు చెకప్పులకి ఎందుకు వెళ్లరన్న ప్రశ్నకి చదువు లేకపోవడం, అవగాహన లేకపోవడం అని మనం ఠక్కున చెప్పే జవాబు చాలావరకు తప్పు. వాళ్లకి తెలుసు. వెళ్లడానికి అయ్యే ఖర్చు ఎవరూ లెక్కగట్టడం లేదు, అంతే.

దీని మీద పరిశోధనలకేమీ కొదవ లేదు. 1968లో అమెరికాలో రోనాల్డ్ ఆండర్సన్ అనే ఆయన మనుషులు వైద్యానికి ఎప్పుడు వెళతారో చెప్పడానికి ఒక చట్రం తయారుచేశాడు. మనిషికి ముందే ఉండేవి: వయసు, చదువు, కుటుంబం, నమ్మకాలు. వీలు కల్పించేవి: డబ్బు, దూరం, ఆసుపత్రి అందుబాటు. మూడోది అవసరం, అంటే తనకి వైద్యం కావాలని మనిషికి అనిపించడం. నేపాల్ నుంచి ఇథియోపియా దాకా గర్భిణుల మీద జరిగిన అధ్యయనాలు ఎన్నో ఈ చట్రంలోనే నడిచాయి. తల్లి చదువు, భర్త చదువు, ఇంటి ఆదాయం, ఎంత దూరం, ఎన్నో కాన్పు అనే జాబితా దాదాపు అన్నిటిలోనూ కనిపిస్తుంది. జాబితాలో తప్పులేదు. కానీ అన్నీ ఆ ఆడమనిషి నెత్తినే రాసినట్టుంటాయి, వెళ్లాలా వద్దా అని ఆవిడ ఒక్కతే కూర్చుని తేల్చుకున్నట్టు.

దూరం సంగతే చూడండి. గుంటూరులో పట్టణ ఆరోగ్య కేంద్రం ఎవరికైనా ఆటో దూరంలో ఉంటుంది. పెద్దాసుపత్రి ఊరి మధ్యలో ఉంది. కొత్తపేటలో అడుగడుక్కీ ఒక నర్సింగ్ హోము. విజయవాడలో సూర్యారావుపేటదీ ఇదే తంతు. మ్యాపులో చూస్తే దూరం అనే కారణాన్ని కొట్టేయొచ్చు. మా పిన్నివాళ్లు ఉండేది విజయవాడ చిట్టినగర్ వైపు, కొండమీద ఇళ్లల్లో. ఆటో కొండ కిందే ఆగిపోతుంది, అక్కణ్ణించి మెట్లు. నీళ్ల బిందైనా గ్యాస్ బండైనా ఆ మెట్ల మీదే. వాళ్ల పక్కింటమ్మాయికి ఏడో నెల. ఆరోగ్య కేంద్రం నర్సు, అంటే ఏఎన్ఎమ్, రమ్మని కబురు పెడితే, "దిగడం దిగుతా పిన్నీ, మళ్లీ ఎక్కించేదెవరు?" అంది. ఆ అమ్మాయి ఇంటి నుంచి ఆరోగ్య కేంద్రం కిలోమీటరు కూడా ఉండదు. సర్వే కాగితంలో ఆమె "దగ్గరలో వైద్యం అందుబాటులో ఉన్న" మనిషే.

ఇప్పుడు కూలి దగ్గరికి వస్తాను. ప్రభుత్వాసుపత్రిలో చెకప్పు ఉచితం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద పరీక్షలు, మందులు, ఆపరేషన్ సహా కాన్పు, రక్తం, ఆసుపత్రిలో భోజనం అన్నీ ఉచితం. బాలింతని, బిడ్డని ఇంటి దగ్గర దింపడానికి 102 బండి కూడా ఉంది. కాదనను. కానీ ఒక చెకప్పు ఎలా జరుగుతుందో చూడండి. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి. బరువు, బీపీ అయ్యాక రక్తం ఇవ్వాలి. స్కానింగ్ ఇంకో రోజు రమ్మంటారు. రిపోర్టు చూపించుకోవడానికి మరో పూట. కిలోల లెక్కన బతికే మనిషికి ఒక చెకప్పు అంటే రెండు మూడు పూటల కూలి, ఆటో చార్జీలు, తోడు వచ్చిన మనిషి కూలి కూడా. అదీ ఏ నెలల్లో? ఫిబ్రవరి, మార్చిలో, ఏడాది మొత్తానికి నాలుగు డబ్బులు కళ్లజూసే రోజుల్లో. మే నెలలో మిర్చి యార్డుకి సెలవులిచ్చాక రమ్మంటే అందరూ వెళతారు. కడుపు సీజన్ చూసుకుని రాదు కదా.

ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి డాక్టరు చేత ఉచితంగా పరీక్షలు చేయించే కార్యక్రమం ఒకటి 2016 నుంచి నడుస్తోంది, ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్. ఆలోచన మంచిదే, డాక్టరు కచ్చితంగా ఉంటారని తెలిసిన రోజు ఒకటుండటం మేలు. కానీ ఆ ఒక్కరోజే అందరూ వస్తారు. మా దగ్గర తొడిమలు తీసే ఒకామె పోయిన సీజన్లో 9న వెళ్లి సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చింది. ఎక్కడికో నేను చెప్పను, ఆమె తిట్టిన తిట్లు కూడా రాయను. కూర్చోవడానికి బల్ల దొరకలేదంది. లోపల డాక్టరమ్మ చూసింది రెండు నిమిషాలంది. ఆ రెండు నిమిషాల్లో ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగారు, ఈమె వేసుకుంటున్నానంది. వేసుకోవడం లేదు.

ఎందుకు వేసుకోవడం లేదని అడిగితే నాతో తడుముకోకుండా చెప్పింది. కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, మలబద్ధకం. తొడిమలు తీయడానికి రోజంతా కింద కూర్చునే మనిషికి ఆ బాధేమిటో ఊహించుకోండి. నల్లగా అవడం ఐరన్ వల్లేనని, భయపడక్కర్లేదని, టీ తాగే వేళకి కాకుండా రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకుంటే తిప్పడం తగ్గుతుందని ఒక్క మాట చెబితే సరిపోయేది. 180 రోజుల పాటు ఐరన్ మాత్రలు వేసుకోవాలన్నది నియమం. దేశం మొత్తం మీద అన్ని రోజులూ వేసుకున్న తల్లులు ఐదో విడత సర్వేలో 26 శాతమే. మన రాష్ట్రంలో గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత. అంటే చెకప్పుల లెక్కలో "వచ్చింది" అని టిక్కు పడిన చాలామందికి అందాల్సింది అందలేదు. వచ్చారా రాలేదా అనేదొక్కటే లెక్కపెడితే, వచ్చినందుకు వాళ్లకేం దక్కిందో తేలదు. ఏమీ దక్కలేదనుకున్న మనిషి వచ్చే నెల కూలి పోగొట్టుకుని మళ్లీ వస్తుందా? నేనైతే రాను.

హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. మూడో నెలలో పట్టుకుంటే మాత్రలతో సరిదిద్దడానికి వ్యవధి ఉంటుంది. ఎనిమిదో నెలలో పట్టుకుంటే ఇంజక్షన్లు, రక్తం సీసాలు, పరుగులు. బీపీ ఇంకా దొంగది. ఇరవై వారాలు దాటాక ఎప్పుడైనా పెరగొచ్చు, పెరిగిందని మనిషికి తెలియనే తెలియకపోవచ్చు. "బాగానే ఉన్నా కదా, ఆసుపత్రి ఎందుకు?" అనే మాట నేను కనీసం వందసార్లు విని ఉంటాను. ఆండర్సన్ చట్రంలో మూడోదైన అవసరం ఇక్కడే దెబ్బతింటుంది. జ్వరమొస్తే కూలి మానుకునైనా వెళ్లేవాళ్లే, ఏ బాధా లేనప్పుడు వెళ్లమంటే అది సరదాలా కనిపిస్తుంది. రెండో కాన్పు, మూడో కాన్పు అయితే చెప్పనే అక్కర్లేదు. మొదటిసారి భయం నడిపిస్తుంది, తర్వాత అలవాటు ఆపుతుంది. అత్తగారైతే "మేం ఆరుగుర్ని కన్నాం, ఏ మిషనూ పెట్టించుకోలేదు" అంటుంది. ఆరుగురిలో ఎందరు దక్కారని అడిగితే మాట మారుస్తుంది.

డబ్బుతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి, అవి కలిగినిళ్లల్లో కూడా ఉన్నాయి. నెల తప్పిన సంగతి మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదంటారు. దిష్టి తగులుతుందని, నిలుస్తుందో లేదో చూడాలని. మా ఇంట్లోనూ అదే పద్ధతి. పన్నెండు వారాల లోపు పేరు నమోదు చేయించమని ఆశా కార్యకర్త తిరిగేది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే. బిడ్డ వెన్నెముక, మెదడు తయారయ్యే గొట్టం గర్భం వచ్చిన నాలుగు వారాలకే మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ కావలసింది అప్పుడు. కాన్పు తేదీ సరిగ్గా చెప్పే స్కానింగ్ కూడా మొదటి మూడు నెలల్లోదే. అత్త, ఆడబిడ్డ, పక్కింటావిడ చూస్తుండగా ఆశా గుమ్మంలోకి వస్తే ఆ పిల్ల "ఏం లేదక్కా" అనక ఏమంటుంది? వీధిలో నిలబడి అడక్కుండా రహస్యంగా నమోదు చేసుకునే పద్ధతి ఉంటే ఈ ఆచారంతో పోట్లాడే పనే ఉండదు. ఆచారం ఊరికి చెప్పొద్దంటుంది గానీ డాక్టరుకి చెప్పొద్దనదు.

తర్వాత పుట్టిల్లు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకెళతారు. నాకు ఈ ఆచారమంటే ఇష్టమే. అత్తగారింట్లో అడగలేనిది అమ్మని అడగొచ్చు, పొద్దెక్కేదాకా పడుకోవచ్చు. చిక్కు ఎక్కడంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెకప్పుల సంఖ్యని నాలుగు నుంచి ఎనిమిదికి పెంచింది. అందులో ఐదు చివరి మూడు నెలల్లోనే, అంటే పిల్ల పుట్టింటికి వెళ్లాక. అప్పటిదాకా చూసిన డాక్టరు గుంటూరులో, కాన్పు పల్నాడులో. కార్డు పెట్టెలో మర్చిపోతారు, లేదా "మేం అక్కడి రిపోర్టులు చూడం" అని అన్నీ మళ్లీ రాస్తారు, దానికి మళ్లీ డబ్బు. ఇక్కడి ఏఎన్ఎమ్ తన జాబితాలోంచి తీసేస్తుంది, అక్కడి ఏఎన్ఎమ్‌కి ఈ పిల్ల వచ్చినట్టు తెలియదు. మన ఆడపిల్లల్లో చాలామంది చేసే ప్రయాణం ఇది. దీన్ని అడ్డంకిగా కాక మామూలు సంగతిగా తీసుకుని, సీమంతం అయిన వారంలోపే పేరు అవతలి ఊరి జాబితాలోకి వెళ్లేలా చెయ్యడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. ఒక ఫోను చాలు.

సుగ్గికి, అంటే కోతల పనికి, వచ్చేవాళ్ల సంగతి ఇంతకంటే అన్యాయం. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు మిరప కోతలకి గుంటూరు, పల్నాడు చేలకి వలస వస్తాయి. పొలం గట్టున గుడారాలు వేసుకుంటారు. వాళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు లేకుండా ఎందుకుంటారు? పేర్లు కర్నూలు జిల్లాలో ఏదో ఆరోగ్య కేంద్రంలో ఉంటాయి. అంగన్‌వాడీ గుడ్డు, పాలు కూడా అక్కడే. ఇక్కడి ఆశాకి వాళ్లు తన లెక్కలోకి రారు. కోత అయిపోయి ఊరెళ్లేసరికి ఐదో నెల ఎనిమిదో నెల అయి ఉంటుంది. రాష్ట్రం అదే, ప్రభుత్వం అదే, భాషా అదే. జిల్లా మారితే కడుపుతో ఉన్న మనిషి కాగితాల్లోంచి మాయమైపోతోంది.

ఇంకో రకం మాయం గురించి తక్కువ మాట్లాడతారు. మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పద్దెనిమిది నిండని పిల్ల కడుపుతో వస్తే ఆసుపత్రి పోలీసులకి చెప్పి తీరాలి, పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం. చట్టం వద్దని నేననను. కానీ ఆ ఇంటివాళ్లు ఏం చేస్తారో అందరికీ తెలుసు. వయసు పంతొమ్మిది అని చెబుతారు, లేదా నొప్పులొచ్చేదాకా తీసుకురారు. అందరికంటే ముందు డాక్టరు చూడాల్సిన పిల్ల అందరికంటే ఆఖర్న వస్తుంది. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు. పెళ్లి ఆపలేనివాళ్లం కనీసం చెకప్పు ఆగకుండా చూడలేమా అన్నది మాత్రం తొలుస్తూనే ఉంటుంది.

"మాతృ మరణాలు తగ్గాయిగా, ఇంకేం కావాలి?" అని మా అన్నయ్య వాదన. తగ్గాయి. 2018–20 లెక్కల్లో లక్ష కాన్పులకి దేశంలో 97 మంది తల్లులు పోతే మన దగ్గర 45. సంతోషమే. కేరళలో 19. చివరి రోజున అంబులెన్సులు, ఆపరేషన్ థియేటర్లు, రక్తనిధులు పనిచేసి చాలామందిని కాపాడుతున్నాయి. మన డబ్బంతా ఆ రోజు మీదే పెట్టాం. ప్రభుత్వమూ అంతే, కుటుంబాలూ అంతే. రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం ఆపరేషన్లు, ప్రైవేటులో అయితే 63. ఆపరేషన్ అన్నాక నాలుగు రూపాయల వడ్డీకైనా తెచ్చి కడతారు, తాళిబొట్టు తాకట్టు పెడతారు. అదే ఇంట్లో నాలుగో నెలలో స్కానింగుకి ఆటో డబ్బులడిగితే "వచ్చే నెల చూద్దాంలే" అంటారు. కాన్పు అందరికీ కనపడే సంగతి, చుట్టాలొస్తారు. చెకప్పుకి ఎవరొస్తారు?

నష్టపోయిన కూలి కోసమే ఒక పథకం ఉంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన, 2017 నుంచి. దాని లక్ష్యాల్లో కూలి నష్టానికి కొంత పరిహారం అని రాసే ఉంది. మొదటి బిడ్డకి 5,000, ఇప్పుడు రెండు విడతల్లో: పేరు నమోదై ఒక్క చెకప్పు అయితే 3,000, బిడ్డ పుట్టి మొదటి టీకాలయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6,000. 2013 నాటి ఆహార భద్రత చట్టం దాదాపు ప్రతి గర్భిణికీ 6,000కి తగ్గకుండా ఇవ్వాలంది, అది ఆనాటి ధరల్లో. అదే 2017లో సంస్థల్లో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకి జీతంతో సెలవు 26 వారాలకి పెంచారు. నాకు 26 వారాల జీతం, నా కళ్లెదుట తొడిమలు తీసే మనిషికి ఒక్క చెకప్పు మీద 3,000. మిగతా చెకప్పులకి ఎందుకు రావాలో ఆ పథకమే చెప్పలేకపోతోంది. తమిళనాడు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట గర్భిణులకి 18,000 విలువైన సాయం విడతలుగా ఇస్తోంది. అక్కడ నాలుగు చెకప్పులు చేయించుకున్న తల్లులు దాదాపు 90 శాతం. డబ్బొక్కటే కారణమని చెప్పను, వాళ్ల ఆసుపత్రులే వేరు. కానీ ఆ రెండు సర్వేల మధ్య వాళ్లది పెరిగింది, మనది పడింది.

ఢిల్లీ, అమరావతి సంగతి ఎలా ఉన్నా, మిర్చి యార్డు దగ్గర చెయ్యగలిగిన పనులున్నాయి. సీజన్లో వారానికొక సాయంత్రం ఏఎన్ఎమ్, ల్యాబ్ మనిషి వచ్చి ఐదు నుంచి ఎనిమిది దాకా కూర్చుంటే చాలు. బీపీ మిషను, తూకం, హిమోగ్లోబిన్ చూసే పరికరం సంచిలో పట్టేవే. తూకానికైతే మా దగ్గర కరువే లేదు. స్కానింగుకి మాత్రం ఆసుపత్రికి వెళ్లాలి, ఆ పూట కూలి యజమాని ఇవ్వాలి.

ఈ మాట మా ఓనరుగారితో అన్నాను. "ఒకరికిస్తే అందరూ కడుపుతో ఉన్నామంటారమ్మా" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, లెక్క తెలియక అన్నారు. అన్ని చెకప్పులకీ ఇవ్వాలన్నా, ఒక్కోదానికి ఒక పూట చొప్పున ఎనిమిది పూటలు, అంటే నాలుగు రోజుల కూలి. సీజన్ మన దగ్గర నాలుగైదు నెలలే కాబట్టి అందులో సగం కూడా మనమీద పడదు. గర్భిణులు ఏ సీజన్లోనూ చేతివేళ్లకి మించలేదు. కార్డు మీద ఆసుపత్రి ముద్ర, తేదీ ఉంటాయి కాబట్టి దొంగలెక్కకి తావు లేదు. కిలోల కూలికి ఒక పూట ఎలా కడతావని అడిగారు. అంతకు ముందు ఆరు పనిరోజుల్లో ఆమె తీసిన కాయ సగటు తీసుకుని అందులో సగం రాస్తానన్నాను. మూటలు నానినప్పుడు ముఠావాళ్లకి కట్టే నష్టం కూడా ఇలాగే సగటు మీదే కదా మనం రాసేదని గుర్తుచేశాను. ఏ పద్దు కింద రాస్తావని అడిగారు ఈసారి. అంటే సగం ఒప్పుకున్నట్టేనని నేననుకుంటున్నాను.